మార్పు జరిగినచోటనే గుర్తు

పనియందు జాగరూకత గలవాడు ఎట్టివాడని ప్రశ్నించినచో, ప్రతిదానిని మాటిమాటికి సరిచూచుకొనువాడని మనలో పెక్కుమంది తడుముకొనక సమాధానము చెప్పుదురు. ఈ సమాధానమునందు సత్యము లేకపోలేదు గాని, అది సగము సత్యము. ఏది ఎప్పుడు మారునో, దానిని మార్చువారెవ్వరో ఎరుగనివాడు భయముచేత అన్నింటిని అన్నివేళల తడవి చూచుచుండును. ఎరిగినవాడు మార్పు జరిగిన తావుననే ఒక గుర్తు నిలిపి, ఆ గుర్తు కనబడినపుడు కదలును. మొదటివాని శ్రమ శ్రద్ధవలె కానవచ్చును, రెండవవాని నిశ్చింత అశ్రద్ధవలె కానవచ్చును. పని యొక్క ఫలితమును బట్టి చూచినచో శ్రద్ధ రెండవవానిదే. ఈ భేదమును కంప్యూటరు విద్యలో మిక్కిలి లోతైన ఒక మూలనుండి, అనగా వర్చువల్ మెషీనులను నడపు సాఫ్ట్‌వేరునందలి ఇంటరప్టు కంట్రోలరు తనిఖీలనుండి ఈ అధ్యాయమున వివరింపదలచితిని.

ఆ మూలనే ఎన్నుకొనుటకు కారణము కలదు. లోకవ్యవహారములలో అనవసరపు తనిఖీకి అయిన వెల ఇంతయని లెక్కకట్టుట కష్టము. అవసరమైన తనిఖీ తప్పిపోయినందున కలిగిన నష్టమో, ఏనాటికో గాని బయటపడదు. ఈ సాఫ్ట్‌వేరునందు వ్యర్థమైన ప్రతి తనిఖీయు ప్రాసెసరు సైకిళ్ల రూపమున లెక్కకు వచ్చును. తప్పిన తనిఖీ వర్చువల్ మెషీనును ఉన్నచోటనే నిలిపివేయగలదు. అదియునుగాక, లినక్స్ కెర్నెలునందలి కె.వి.ఎం. అను భాగమును తీర్చిదిద్దినవారు ఏ మార్పు ఏ కారణముచేత చేసిరో ఆ మార్పులతోపాటే వ్రాసియుంచిరి గనుక, వారి ఆలోచనాక్రమమును అడుగడుగునను వెంబడించుటకు వీలగుచున్నది. హైదరాబాదునందును బెంగుళూరునందును ఇట్టి వ్యవస్థలపై పనిచేయు మన యువతీయువకులకు ఇది నేరుగా వృత్తిపాఠము, తక్కినవారికి ఆలోచనాపద్ధతి.

కంట్రోలరు చేయు పని

కీబోర్డు, డిస్కు, నెట్‌వర్కు కార్డు, టైమరు మొదలగు పరికరములు ప్రాసెసరు దృష్టిని తమవైపునకు త్రిప్పుకొనుటకు పంపెడి సంకేతమే ఇంటరప్టు. ఇట్టి సంకేతములు పెక్కు ఒక్కమారే వచ్చినపుడు, ఏది ముందు, ఏది వెనుక, ఏది ప్రస్తుతమునకు నిలిపియుంచదగినది అని నిర్ణయించి, ఒక్కొక్కదానిని ప్రాసెసరునకు అందించు మధ్యవర్తి ఇంటరప్టు కంట్రోలరు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునందు 8259 అను చిప్పు ఎనిమిది తీగలపై వచ్చు సంకేతములను నిర్వహించెను. 1984 నాటి ఏ.టి. నమూనాయందు అట్టి చిప్పులు రెంటిని ఒకదానికొకటి తగిలించి 15 ఇంటరప్టులకు తావు కల్పించిరి. ఒకే యంత్రమున అనేక ప్రాసెసరులు పనిచేయు కాలము వచ్చిన పిదప, ప్రతి ప్రాసెసరునకును లోకల్ ఏపిక్ అను సొంత కంట్రోలరు ఏర్పడెను.

లోకల్ ఏపిక్‌నందు మన ప్రస్తావనకు కావలసిన రిజిస్టరులు నాలుగు. వచ్చి వేచియున్న ఇంటరప్టులను నమోదు చేయునది ఐ.ఆర్.ఆర్.; ప్రాసెసరు స్వీకరించి ఇంకను ముగింపని వానిని నమోదు చేయునది ఐ.ఎస్.ఆర్. ఈ రెంటియందును వెక్టరునకు, అనగా ఇంటరప్టు సంఖ్యకు, ఒక బిట్టు చొప్పున 256 బిట్లు కలవు. అవి 32 బిట్ల ఖండములు ఎనిమిదిగా అమరియుండును. తాను చేయుచున్న పని ఎంత ముఖ్యమైనదో ఆపరేటింగ్ సిస్టము తెలుపుకొనునది టి.పి.ఆర్.; ఆ టి.పి.ఆర్.ను ఐ.ఎస్.ఆర్.లోని అత్యున్నత వెక్టరుతో పోల్చి తేల్చిన ఫలితము పి.పి.ఆర్. వెక్టరు సంఖ్యను 16చే భాగింపగా వచ్చు భాగఫలమే దాని ప్రాధాన్యపు తరగతి. వేచియున్న వెక్టరు 81 అనుకొనుడు. దాని తరగతి 5. అదే సమయమున ప్రాసెసరు 98వ వెక్టరు పనిలో నున్నచో, దాని తరగతి 6 గనుక, 81 ఆగవలసినదే. 98 పని ముగిసినదని ఆపరేటింగ్ సిస్టము కంట్రోలరునకు తెలుపు సంకేతమును ఇ.ఓ.ఐ. అందురు, అది అందిన పిదప గాని 81నకు దారి తెరువబడదు. దారి తెరువబడినను, ప్రాసెసరు ఇంటరప్టులను అంగీకరించు స్థితిలో నున్నపుడే అది లోనికి పోగలదు.

నిజమైన చిప్పునందు ఈ పోలికలన్నియు ఏకకాలమున, సమాంతరముగా, విద్యుత్ప్రవాహముచేతనే జరిగిపోవును. అడిగినను అడుగకున్నను సమాధానము సిద్ధముగనే యుండును. అదే కంట్రోలరును సాఫ్ట్‌వేరు రూపమున అనుకరింపబూనినపుడు సమాధానము దానంతటది సిద్ధము కాదు. ఒకరు అడుగవలెను, ఒకరు లెక్కింపవలెను, ప్రతి లెక్కకును కాలము వెచ్చింపవలెను. చిక్కంతయు ఇక్కడనే పుట్టుచున్నది.

అనుకరణకు అయ్యెడి వెల

వర్చువల్ మెషీనునందు నడచు ఆపరేటింగ్ సిస్టమును గెస్టు అనియు, దానిని నడపు సాఫ్ట్‌వేరును హైపర్వైజరు అనియు అందురు. 2005లో ఇంటెల్ సంస్థయు, 2006లో ఏ.ఎం.డి. సంస్థయు తమ ప్రాసెసరులకు చేకూర్చిన సౌకర్యముచేత గెస్టు కోడు చాలవరకు నేరుగా ప్రాసెసరుమీదనే నడచును. హైపర్వైజరు కల్పించుకొనవలసిన సందర్భము తటస్థించినపుడు ప్రాసెసరు గెస్టును విడిచి బయటికి వచ్చి, పని ముగిసిన పిదప మరల లోనికి పోవును. బయటికి వచ్చుటను ఎగ్జిట్ అనియు, లోనికి పోవుటను ఎంట్రీ అనియు ఈ వృత్తివారు వ్యవహరింతురు. 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో వెలువడిన కె.వి.ఎం. ఈ సౌకర్యము మీదనే నిలిచినది.

ఒక్క రాకపోకకే ఆ తొలి తరముల ప్రాసెసరులలో వేయికి మించిన సైకిళ్లు వ్యయమగుచుండెను. దానిపైని, ప్రతి ఎంట్రీకి ముందు హైపర్వైజరు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ గెస్టునకు అందింపవలసిన ఇంటరప్టు ఏదైన ఉన్నదా? నిజాయితీగా జవాబు చెప్పవలెనన్నచో, 8259 అనుకరణను అడుగవలెను, పిదప ఐ.ఆర్.ఆర్. యొక్క ఎనిమిది ఖండములను పైనుండి క్రిందికి వెదకవలెను, పిదప ఐ.ఎస్.ఆర్. యొక్క ఎనిమిది ఖండములను వెదకి పి.పి.ఆర్.ను గణింపవలెను, రెంటిని పోల్చవలెను, గెస్టు అంగీకరించు స్థితిలో నున్నదో లేదో చూడవలెను. ఇంత చేసిన పిదప పెక్కుమార్లు వచ్చు జవాబు, ఏమియు లేదనియే. ఏలయనగా ఎగ్జిట్‌లు కలుగుటకు పేజీ పట్టికల లోపమో, పరికరమునకు వ్రాసిన వ్రాతయో, ప్రత్యేక రిజిస్టరును చదువుటయో కారణమై యుండవచ్చును; ఇంటరప్టుతో వానికి సంబంధమే యుండదు. పని ఒత్తిడిలో నున్న గెస్టు సెకనునకు వేలకొలది మారులు బయటికి వచ్చి పోవుచుండగా, అన్నిమార్లును ఈ వెదకులాట సాగుట ఎంతటి వ్యర్థవ్యయమో ఊహింపవచ్చును.

కచేరీ గడప దాటిన ప్రతిసారి అర్జీల పెట్టె తాళము తీసి అడుగువరకు తడవి చూచు అధికారికిని, అర్జీ పడినపుడెల్ల పెట్టెపై ఎర్రజెండా నిలుపుమని గుమాస్తాకు ఆజ్ఞాపించి జెండా కనబడిననాడే పెట్టె తెరచు అధికారికిని గల భేదమే మనము ఇక చూడబోవునది. గుమాస్తా జెండా నిలుపుట మరచినచో ఏమగునను ప్రశ్న ఇక్కడనే తల ఎత్తును. ఆ ప్రశ్నకు తగిన గౌరవమిచ్చుటలోనే ఈ విద్య యొక్క గాంభీర్యమంతయు ఉన్నది.

మొదటి ఉపాయము: అరుదైన చోట ఎక్కువ, తరచైన చోట తక్కువ

2009లో గ్లెబ్ నటాపోవ్ కె.వి.ఎం.నందు చేసిన మార్పు చూచుటకు మిక్కిలి చిన్నది. ఐ.ఆర్.ఆర్. చాలవరకు ఖాళీగనే యుండును గనుక, దానియందు ఏదైన ఉన్నదా లేదా అని తెలుపు ఒక్క చరరాశిని ప్రక్కన ఉంచుకొని, అది లేదనినచో ఎనిమిది ఖండముల జోలికే పోకుండుట ఆ మార్పు సారాంశము. దీనివలన ఒక నష్టము లేకపోలేదు: ఒక ఇంటరప్టును అందించినపుడు, ఇంకేమైన మిగిలియున్నవో తెలిసికొని ఆ చరరాశిని సరిచేయుటకై ఐ.ఆర్.ఆర్.ను రెండవమారు వెదకవలసి వచ్చును. అయినను ఇంటరప్టును అందించుట కంటె గెస్టులోనికి పోవుట మిక్కిలి తరచు గనుక, అరుదైన చోట రెండింతలు వెచ్చించి తరచైన చోట ఏమియు వెచ్చింపకుండుట లాభమే యని ఆయన తర్కించెను.

ఈ తర్కమునందు పాఠకుడు గమనింపవలసినది, వేగము పెంచుటకై ఒక పనిని ఆయన మరింత నెమ్మది చేసెనన్న సంగతి. అన్నింటిని అన్నిచోట్ల వేగవంతము చేయవలెనని తాపత్రయపడువాడు ఇట్టి బేరమునకు ఒడబడలేడు. ఏది ఎన్నిమారులు జరుగుచున్నదో లెక్క తెలిసినవానికే ఆ ధైర్యము కలుగును.

2012లో మైకేల్ సిర్కిన్ ఇదే పద్ధతిని ఐ.ఎస్.ఆర్.నకు వర్తింపజేసెను. మామూలు పనులలో అందు ఒక్క బిట్టే వెలిగియుండును. కావున బిట్టును వెలిగించినపుడు ఒకటి కలిపి, ఆర్పినపుడు ఒకటి తీసివేసి మొత్తమును ఎల్లప్పుడు లెక్కయందుంచుట, చివర అందించిన వెక్టరు సంఖ్యను జ్ఞాపకముంచుకొనుట, బిట్టు ఆరినంతనే ఆ జ్ఞాపకమును చెల్లదని కొట్టివేయుట అను మూడు చిన్న నియమములతో, ఒకదానిపై నొకటి ఇంటరప్టులు పేరుకొననంతవరకు ఐ.ఎస్.ఆర్.ను వెదకు పనియే లేకుండ చేసెను. చివర అందించిన వెక్టరే అత్యున్నతమని నమ్ముటకు ఆధారమేమన్నచో, కంట్రోలరు నియమము ప్రకారము ఎప్పుడును అత్యున్నతమైనదే అందింపబడును; కాబట్టి వెనువెంటనే వెలిగిన బిట్టు అన్నింటికంటె పైదియే అయి తీరును. జ్ఞాపకమును నమ్ముటకు ఇట్టి ఆధారము చేతనుండవలెను.

రెండవ ఉపాయము: మార్చువాడే తెలుపవలెను

2010లో ఆవి కివిటి, కె.వి.ఎం.నకు మూలపురుషుడైనవాడు, ప్రశ్ననే తలక్రిందులు చేసెను. ప్రతి ఎంట్రీకి ముందు ఏదైన ఉన్నదా అని అడుగుటకు మారుగా, జవాబు మారుటకు అవకాశమున్న ప్రతి తావునందును ఒక అభ్యర్థన బిట్టు నిలుపవలెననియు, ఎంట్రీకి ముందు ఆ బిట్టును మాత్రమే చూడవలెననియు నిర్ణయించెను. ఇతర కారణములకై అప్పటికే చూడబడుచున్న అభ్యర్థనల రాశిలోనే ఈ బిట్టును చేర్చుటచేత, ఏ అభ్యర్థనయు లేనపుడు అదనపు తనిఖీ యొక్క ఖర్చు దాదాపు శూన్యమయ్యెను.

ఇందు బుద్ధికి పనిపెట్టునది ఆ బిట్టు కాదు, జవాబు మారుటకు అవకాశమున్న తావుల పట్టిక. ఆ మార్పునందు పేర్కొనబడిన తావులు ఇవి: లోకల్ ఏపిక్ యొక్క ఐ.ఆర్.ఆర్. మారినపుడు, 8259 యొక్క ఔట్‌పుట్ మారినపుడు, పి.పి.ఆర్. మారినపుడు, ఇంటరప్టులను అంగీకరించు ద్వారము గెస్టునందు తెరువబడినపుడు, ఫ్లాగుల రిజిస్టరు మారినపుడు, ఏ.ఎం.డి. ప్రాసెసరులందు సమస్త ఇంటరప్టులను శాసించు జి.ఐ.ఎఫ్. అను ఫ్లాగు వెలిగినపుడు; ఎగ్జిట్ సమయమున అందీ అందక మధ్యలో నిలిచిన సంఘటన మిగిలినపుడు. ఈ పట్టికను నిదానముగా చదివినచో, కొత్త ఇంటరప్టు వచ్చుట ఒక్కటే జవాబును మార్చు కారణము కాదని తెలియును. ఎప్పుడో వచ్చి వేచియున్న ఇంటరప్టునకు అడ్డు తొలగుట కూడ మార్పే. తొందరపడువాడు రాకను మాత్రము పట్టికకెక్కించి, అడ్డు తొలగుటను మరచును. అతని గెస్టు కొంతకాలము చక్కగా నడచి, ఒకనాడు నిష్కారణముగా నిలిచిపోయినట్లు తోచును.

ఫ్లాగు ఎటువైపు తప్పవచ్చును?

ఫ్లాగులు అనబడు ఇట్టి గుర్తులన్నింటికిని వర్తించు నియమమొకటి కలదు. దీనిని కంఠస్థము చేయవలెను. గుర్తు వెలిగియుండి, చూడగా ఏమియు లేకున్నచో, నష్టము ఒక వ్యర్థమైన వెదకులాట. గుర్తు ఆరియుండి, లోపల ఇంటరప్టు వేచియున్నచో, నష్టము గెస్టు ప్రాణమునకే. కావున గుర్తు ఉన్నదనుటలో పొరపడవచ్చును గాని, లేదనుటలో ఎన్నడును పొరపడరాదు.

వ్రాయుటకు ఇంత సులభమైన ఈ నియమమును రెండు ప్రాసెసరులు ఒకేసారి పనిచేయుచున్నపుడు పాటించుట ఎంత సున్నితమో దగ్గరనుండి చూతము. ఒక థ్రెడ్డు, అనగా ప్రోగ్రాములో వేరుగ నడచు ఒక పనివరుస, కొత్త ఇంటరప్టును నమోదు చేయుచున్నది. దానిని పంపునది అని పిలుతము. అదే క్షణమున గెస్టును నడపు థ్రెడ్డు, పాత ఇంటరప్టును అందించి దాని బిట్టును ఆర్పుచున్నది. దానిని తీయునది అని పిలుతము. పంపునది ముందు ఫ్లాగును, అనగా పైని చెప్పిన 2009 నాటి చరరాశిని, వెలిగించి, పిదప ఐ.ఆర్.ఆర్. బిట్టును వెలిగించునట్లు వ్రాసినామనుకొనుడు. పంపునది ఫ్లాగు వెలిగించెను. ఆ రెప్పపాటులో తీయునది వచ్చి ఫ్లాగు ఆర్పెను, తన పాత బిట్టును ఆర్పెను, మిగిలినవేమైన ఉన్నవా అని వెదకెను, ఏమియు కానరాక ఫ్లాగును ఆరియుండగనే విడిచి వెడలెను. అప్పుడు పంపునది తన బిట్టును వెలిగించెను. ఇప్పుడు ఇంటరప్టు ఉన్నది, ఫ్లాగు లేదు. మరియొక ఇంటరప్టు వచ్చి ఫ్లాగును వెలిగించువరకు దానిని పలుకరించువారుండరు. మరియొకటి రానిచో అది పోయినట్లే.

క్రమమును మార్చుడు. పంపునది ముందు బిట్టును, పిదప ఫ్లాగును వెలిగింపవలెను. తీయునది ముందు ఫ్లాగును ఆర్పి, పిదప తన బిట్టును ఆర్పి, అటుపిమ్మట వెదకి, ఏదైన కనబడినచో ఫ్లాగును తిరిగి వెలిగింపవలెను. పంపునది వెలిగించిన బిట్టు ఆ వెదకులాటకు ముందు పడినచో వెదకులాటయే దానిని పట్టుకొనును. వెనుక పడినచో, పంపునది అటుపైని వెలిగించు ఫ్లాగు ఆరక నిలుచును. మూడవ దారి లేదు. తీయునది వెదకులాట ముగిసిన పిదప ఫ్లాగును ఆర్పునట్లు వ్రాసినచో ఈ నిశ్చయము చెడును. ఏలయనగా వెదకులాటకును ఆర్పుటకును నడుమ వచ్చినదానిని అది తుడిచివేయును. ఈ వ్రాతలు ప్రాసెసరులకు ఇదే క్రమమున కనబడునట్లు మెమరీ బ్యారియరులను కూడ తగినచోట ఉంచవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది ఊహాజనితమైన భయము కాదు. 2014లో వేరొక దోషమును దిద్దుటకై చేసిన మార్పొకటి, ఫ్లాగును ఆర్పు క్రమమును తెలియకయే చెదరగొట్టెను. అట్లు ఇంటరప్టులు తప్పిపోవు అవకాశమేర్పడినదని గుర్తించి, అదే సంవత్సరము నదవ్ అమిత్ దానిని సరిదిద్దెను. బిట్టు పిదపనే ఫ్లాగు వెలుగవలెనన్న హెచ్చరికను కోడు ప్రక్కన వ్యాఖ్యగా నిలిపెను. ఐదేండ్లు నమ్మకముగా పనిచేసిన ఒక నియమము, కారణము వ్రాయబడియుండని చోట, సద్బుద్ధితో వచ్చినవాని చేతిలోనే చెడగలదని దీనివలన తెలియుచున్నది. తరువాతివాని కొరకు కారణమును వ్రాసియుంచుట సౌజన్యము మాత్రమే కాదు. అది పనిలో భాగము.

మూడవ ఉపాయము: ప్రశ్నను మార్చువాని చేతికే ఇచ్చుట

తెలుపుటకై మార్చువాడు హైపర్వైజరు నొద్దకు రావలసియున్నచో, ఆ రాకయే ఎగ్జిట్. ఆ ఎగ్జిట్‌కే వెల. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ టి.పి.ఆర్.ను మిక్కిలి తరచుగ మార్చుచుండెడిది; అనుకరణయందు ప్రతి మార్పును ఒక ఎగ్జిట్ అగుచుండెను. దీనికి కె.వి.ఎం. నిర్మాతలును, దానితో కలిసి యంత్రపరికరములను అనుకరించు క్యూ.ఇ.ఎం.యు. నిర్మాతలును కనుగొనిన ఉపాయమేమన్నచో, టి.పి.ఆర్.ను తాకు గెస్టు ఆదేశములనే మార్చివేసి, కొత్త విలువను గెస్టును హైపర్వైజరును పంచుకొను మెమరీలో వ్రాయునట్లు చేయుట. టి.పి.ఆర్. దిగుటచేత వేచియున్న ఇంటరప్టునకు నిజముగా దారి తెరువబడుచున్నదా అని గెస్టులోపలనే పోల్చి చూచి, అవునన్నపుడే హైపర్వైజరును పిలుతురు. ఇంటెల్ సంస్థ ఫ్లెక్స్‌ప్రయారిటీ అను పేర ఈ పనిని ప్రాసెసరుకే అప్పగించెను.

2012లో మైకేల్ సిర్కిన్ ఇ.ఓ.ఐ. విషయమునను ఇదే మార్గమును తొక్కెను. హైపర్వైజరు ఇంటరప్టును అందించుచు, ఇది ముగిసినపుడు నాకు తెలుపనక్కరలేదను అర్థమున పంచుకొనిన మెమరీలో ఒక బిట్టు నిలుపును. గెస్టు పని ముగించినపుడు ఆ బిట్టును ఆర్పి ఊరకుండును. తెలుపనక్కరలేదని హైపర్వైజరు ఎట్లు నిశ్చయించును? ఐ.ఆర్.ఆర్.లో వేరేదియు వేచియుండరాదు, ముగియవలసిన వెక్టరు ఏదో జ్ఞాపకమున నుండవలెను, పరికరముల ఇంటరప్టులను లోకల్ ఏపిక్‌లకు పంపు ఐ.ఓ.ఏపిక్ ఆ ముగింపును ఎదురుచూచుచుండరాదు. మొదటి రెండు షరతులకు జవాబులు మనము పైన చూచిన 2009 నాటి ఫ్లాగు, ఐ.ఎస్.ఆర్. జ్ఞాపకము అనునవే. సక్రమముగా కట్టిన చిన్న గుర్తు తరువాతి పెద్ద సౌకర్యమునకు పునాదిరాయి అగుట ఇట్లు.

పిదప ప్రాసెసరులే లోకల్ ఏపిక్ పనిని చాలవరకు తమపై వేసికొనినవి. ఇంటెల్ వారి పోస్టెడ్ ఇంటరప్టు పద్ధతిలో, పంపువాడు 256 బిట్ల పట్టికయందు తన వెక్టరు బిట్టును ముందు వెలిగించి, పిదప ఓ.ఎన్. అను ఒక్క బిట్టును వెలిగించును. అది అప్పటికే వెలిగియున్నచో మరియొక కబురు పంపడు. అందుకొను ప్రాసెసరు ముందు ఓ.ఎన్.ను ఆర్పి, అటుపైని పట్టికను ఊడ్చి తీసికొనును. ఇంతకుముందు మనము థ్రెడ్డులకు విధించిన క్రమమే ఇక్కడ సిలికానునందు చెక్కబడియున్నది. హార్డ్‌వేరు మారినను, వేగము పెరిగినను, పంపువాడు సరకు పిదప గుర్తు పెట్టవలెను, అందుకొనువాడు గుర్తు తీసిన పిదప సరకు చూడవలెను అను ధర్మము మారదు.

ఆచరణక్రమము

మీ చేతిలోనున్న కోడునకు ఈ పద్ధతిని వర్తింపజేయదలచినపుడు ఈ క్రిందివానిని ఇదే వరుసలో చేయుడు.

1. ముందు లెక్కింపుడు. లినక్స్ నందు పెర్ఫ్ కె.వి.ఎం. స్టాట్ అను ఆదేశము ఎగ్జిట్‌లను కారణముల వారీగా విభజించి, ఒక్కొక్కదాని సంఖ్యను, అది తీసికొనిన కాలమును చూపును. కె.వి.ఎం. ఎగ్జిట్, ఎంట్రీలకు గల ట్రేస్ పాయింట్లు ఒక్కొక్క సంఘటనను కాలక్రమమున చూపును. ఏ తనిఖీ ఎన్నిమారులు జరుగుచున్నదో, అందు ఎన్నిమారులు అవునను జవాబు వచ్చుచున్నదో రెండు సంఖ్యలును కాగితముపై వ్రాయుడు. రెండవది మొదటిదానికి దగ్గరగా నున్నచో ఇక్కడ ఆదా చేయదగినది లేదు, మరొకచోటికి పొండు.

2. జవాబు దేనిపై ఆధారపడియున్నదో వ్రాయుడు. ప్రతి ఆధారమునకు ఎదురుగా, దానిని వ్రాయు ప్రతి ఫంక్షను పేరును కోడంతయు వెదకి చేర్చుడు. మామూలు దారితో ఆగక, రీసెట్, లైవ్ మైగ్రేషను, స్నాప్‌షాటునుండి పునరుద్ధరణ మొదలగు అరుదైన దారులను కూడ చూడుడు. స్థితినంతను ఒక్కమారే మార్చివేయు ఈ దారులయందే గుర్తు నిలుపుట తరచుగ మరువబడును. అట్టిచోట నిస్సంకోచముగా ఫ్లాగును వెలిగించి విడువుడు. ఒక్క వెదకులాట అదనమైనను నష్టము లేదు.

3. రాకను, అడ్డు తొలగుటను వేరువేరు శీర్షికల క్రింద వ్రాయుడు. రెండవ శీర్షిక ఖాళీగ నున్నచో పట్టిక ముగియలేదని తెలిసికొనుడు.

4. ఇద్దరు ఒకేసారి తాకు గుర్తు విషయమున, వ్రాతల క్రమమును కాగితముపై రెండు నిలువు వరుసలుగా వేసి, ఒకదాని నడుమ మరియొకటి దూరు అన్ని విధములను పరిశీలింపుడు. క్రమమునకు కారణమును కోడు ప్రక్కననే రెండు వాక్యములలో వ్రాయుడు.

5. ఇప్పటికే జరుగుచున్న తనిఖీలో కొత్తదానిని కలుపుటకు వీలున్నదేమో చూడుడు. ఫాబ్రిస్ బెల్లార్డ్ సృష్టించిన క్యూ.ఇ.ఎం.యు. గెస్టు ఆదేశములను తర్జుమా చేసి నడపు విధానములో, ప్రతి కోడు ఖండము మొదట ఒకే 32 బిట్ల సంఖ్య ఋణమా కాదా అని చూచును. ఆదేశముల లెక్కయు, ఆగుమను అభ్యర్థనయు ఆ ఒక్క సంఖ్యలోనే ఇమిడియున్నవి.

6. పాత నెమ్మది తనిఖీని పారవేయకుడు. పరీక్షల కొరకు నిర్మించు ప్రతిలో దానిని ఉంచి, ఫ్లాగు లేదన్న ప్రతిసారి అదియు లేదనుచున్నదో లేదో సరిపోల్చుడు. రెండింటికి భేదము వచ్చిన క్షణమున ప్రోగ్రాము అక్కడికక్కడ ఆగి కేక వేయవలెను. నెలల తరువాత వాడుకరి ఇంట గెస్టు నిలిచిపోవుటకంటె అది వేయిరెట్లు మేలు.

7. మార్పు చేసిన పిదప మొదటి అంకెలను మరల కొలువుడు. అంకె కదలనిచో, మార్పు ఎంత అందముగ నున్నను వెనుకకు తీసికొనుడు.

ఎక్కడ వలదు?

ఈ పద్ధతి రుచి మరిగినవానికి ప్రతి తనిఖీయు తొలగింపదగినదే యని తోచు ప్రమాదము కలదు. గెస్టు ప్రారంభమైనపుడు ఒక్కమారు జరుగు తనిఖీని ఫ్లాగుతో తప్పించుట వ్యర్థము. అందు ఆదా కనబడదు, ఫ్లాగును కాపాడు బాధ్యత మాత్రము చిరకాలము మిగులును. మార్చువారెవ్వరో పట్టిక వ్రాయలేనిచోట, అనగా స్థితి అదుపులేని చేతులలో నున్నచోట, ప్రతిసారి చూచుటయే ధర్మము. గెస్టు పంపిన విలువలు హద్దులలో నున్నవా అను భద్రతా తనిఖీలు ఈ కోవలోనివే. గెస్టు తానే మార్చగల మెమరీని, ఒకసారి చూచితిమి గదా యని నమ్మరాదు. ఒక్కమారు మన సొంత మెమరీలోనికి నకలు చేసికొని, ఆ నకలునే పరీక్షించి, ఆ నకలునే వాడవలెను.

ఫ్లాగు ఒక వాగ్దానము. దానిని నిలుపువాడు, చూచువాడు, ఆర్పువాడు, రేపు ఈ కోడును దిద్దువాడు, ఈ నలుగురును ఆ వాగ్దానమునకు కట్టుబడినపుడే అది వేగమునిచ్చును. అట్టి వాగ్దానమును నిర్వచించి, కారణము వ్రాసి, పరీక్షతో కాపాడు అలవాటు కొన్ని సైకిళ్లను మిగుల్చుటతో ఆగదు. తన పనిలో ఏది నమ్మదగినదో, ఎందుచేత నమ్మదగినదో ఇతరులకు విప్పిచెప్పగల మనిషిని తయారుచేయును. సహచరులు ఒకరి కోడును నిశ్చింతగా ఆశ్రయించుట ఆ గుణము వలననే.

సాధన

ఈ వారము మీరు నడపు ప్రోగ్రామునుండి తరచుగ జరుగుచు, దాదాపు ఎల్లప్పుడు లేదను జవాబే ఇచ్చు ఒక్క తనిఖీని ఎన్నుకొనుడు. దానిని మార్చుటకు తొందరపడక, పైని రెండవ, మూడవ అంశముల ప్రకారము జవాబును మార్చు తావుల పట్టికను మాత్రము సిద్ధము చేయుడు. పిదప ఆ కోడును బాగుగ ఎరిగిన సహచరునకు పట్టికను చూపి, ఇందు లేనిది ఒకటి చూపుమని కోరుడు. అతడు చూపినది ఏ శీర్షిక క్రిందికి వచ్చునో గమనింపుడు. మీ ఆలోచనకు అలవాటుగ అందకపోవు తావు ఏదో దానివలన తెలియును. అతడును మీరును కలిసి ఇక చేర్పదగినది లేదని ఒప్పుకొనిననాడు మొదటి ఫ్లాగును వ్రాయుడు.